మెయిన్‌ఫ్రేమ్‌లో లినక్స్ వేశాక నెట్‌వర్క్ రాకపోతే ఎక్కడి నుంచి వెతకాలి?

మెయిన్‌ఫ్రేమ్‌లో లినక్స్ ఎక్కించారు. ఇన్‌స్టాలేషన్ సాఫీగా అయిపోయింది, రీబూట్ అయింది, కన్సోల్‌లో లాగిన్ కూడా వచ్చింది. కానీ పింగ్ పోవడం లేదు, ఎస్‌ఎస్‌హెచ్ రావడం లేదు. ఇలాంటప్పుడు చాలామంది టెన్షన్‌లో మళ్ళీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. తప్పు లినక్స్ బయట ఉంటే పదిసార్లు ఇన్‌స్టాల్ చేసినా అది అక్కడే ఉంటుంది.

ఒక నవంబర్ రాత్రి, నెల్లూరులో వాన ఆగకుండా పడుతుండగా, ఒంగోలులో ఇంటి నుంచి పనిచేసే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, రెండుసార్లు ఇన్‌స్టాల్ చేశా. డ్రైవర్ ఎక్కతా ఉంది, ఐపీ కూడా పెట్టినా. పింగ్ మాత్రం పోవడంలా" అన్నాడు. మెషీన్ ఎక్కడో సముద్రాల అవతల ఉంది. అతని కన్సోల్‌లో కాపీ పేస్ట్ కూడా కుదరలేదు. నేను ఒక్కో అక్షరం పలికి చెబితే అతను టైప్ చేశాడు. ఇక్కడ కూడా ఆదేశాలను అలాగే పలికినట్టు రాస్తున్నాను. మీరు వాటిని కన్సోల్‌లో చిన్న ఇంగ్లీష్ అక్షరాలతో కొట్టాలి.

మా వైపు చివరి ఆయకట్టు రైతు, పొలానికి నీళ్ళు రాకపోతే ముందుగా తన మడవ తవ్వుకోడు. సోమశిలలో నీళ్ళు వదిలారా, పెద్ద కాలువ పారుతోందా, తూము ఎత్తారా అని పైనుంచి కనుక్కుంటూ వస్తాడు. మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్క్‌ను కూడా ఆ వరుసలోనే చూడాలి. మామూలు సర్వర్‌లో కార్డు పెడితే లినక్స్ తనంతట తానే పట్టుకుంటుంది. ఇక్కడ ఓఎస్‌ఏ కార్డుకూ, అంటే మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్క్ కార్డుకూ, మీ లినక్స్‌కూ మధ్య చానెల్ (కార్డుకు పోయే దారి), సబ్‌చానెల్ (ఆ దారిలో ఒక్కో డివైస్‌కు ఉండే గుర్తు), గ్రూపు (సబ్‌చానెళ్ళను కలిపి కట్టిన గుంపు), కొన్నిచోట్ల జెడ్‌వీఎం (ఒకే మెయిన్‌ఫ్రేమ్ మీద చాలా వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) లోపలి వర్చువల్ స్విచ్ కూడా ఉంటాయి. వీటిలో ఏది మూసుకున్నా బయటికి కనిపించే లక్షణం ఒకటే, పింగ్ పోదు.

కాగితం మీద ముందు రాసుకోవలసినవి

మెయిన్‌ఫ్రేమ్‌ను చూసుకునే సిస్టమ్ ప్రోగ్రామర్‌ను అడిగి ఈ వివరాలు తీసుకోండి. మూడు డివైస్ నంబర్లు, చానెల్ నంబర్ అంటే సీహెచ్‌పీఐడీ, కార్డులో పోర్టు 0 నా 1 నా, లేయర్ 2 నా లేయర్ 3 నా, వీల్యాన్ ఉంటే దాని నంబర్, ఐపీ, మాస్క్, గేట్‌వే. జెడ్‌వీఎం కింద ఉంటే వర్చువల్ స్విచ్ పేరు కూడా. ఊహించి ఏదీ రాసుకోవద్దు. నేను చూసిన సమస్యల్లో సగానికి పైగా ఈ కాగితం లేకపోవడం వల్ల వచ్చినవే.

మూడు నంబర్లు ఎందుకంటే, ఓఎస్‌ఏ కార్డు క్యూడీఐఓ అనే డేటా పంపే పద్ధతిలో పనిచేసేటప్పుడు లినక్స్ ఒక్క ఇంటర్‌ఫేస్‌కు మూడు సబ్‌చానెళ్ళు వాడుకుంటుంది. ఒకటి చదవడానికి, ఒకటి రాయడానికి, ఒకటి డేటాకు. చదివే దాని నంబర్ సరి సంఖ్యగా ఉండాలి, రాసేది దాని వెంటనే వచ్చే సంఖ్య కావాలి. నేను కింద 0600, 0601, 0602 అని రాస్తాను, మీవి వేరుగా ఉంటాయి. ఇవి హెక్సా అంకెలు కాబట్టి 0609 తర్వాత 0610 రాదు, 060 పక్కన ఏ అనే అక్షరం వస్తుంది. ఫోన్‌లో చెప్పుకునేటప్పుడు ఇక్కడ పొరపాటు పడడం చాలా తేలిక.

కన్సోల్ గురించి కూడా ముందే తెలుసుకోండి. హెచ్‌ఎంసీలో (మెయిన్‌ఫ్రేమ్‌ను నిర్వహించే కంప్యూటర్‌లో) ఆపరేటింగ్ సిస్టమ్ మెసేజెస్ అనే కిటికీ లైన్ మోడ్‌లో ఉంటుంది, అందులో వీఐ ఎడిటర్ పనిచేయదు. ఫైలు మార్చాలంటే సెడ్ వాడండి, లేదా ఈడీ అనే పాత ఎడిటర్ వాడండి. కంట్రోల్-సీ కొట్టాలన్నా కంట్రోల్ కీ పనికిరాదు, టోపీ గుర్తు టైప్ చేసి పక్కన సీ కొట్టి ఎంటర్ నొక్కాలి. హెచ్‌ఎంసీలోనే ఇంటిగ్రేటెడ్ ఆస్కీ కన్సోల్ అందుబాటులో ఉంటే దాన్నే తెరవండి, అందులో వీఐ మామూలుగా నడుస్తుంది. జెడ్‌వీఎం 3270 తెర మీద కింద మోర్ అని కనిపిస్తే మెషీన్ ఆగిపోయిందని కంగారు పడకండి. క్లియర్ కీ నొక్కితే తర్వాతి పేజీ వస్తుంది.

మొదటి మెట్టు: మీరు ఎవరి కింద ఉన్నారు?

ప్రోక్ డైరెక్టరీలో సిస్‌ఇన్ఫో అనే ఫైలు ఉంటుంది.

క్యాట్ /ప్రోక్/సిస్‌ఇన్ఫో

చివర్లో కంట్రోల్ ప్రోగ్రామ్ అని ఉన్న వరుస చూడండి. అక్కడ జెడ్‌వీఎం అని ఉంటే మీది వర్చువల్ మెషీన్. కేవీఎం (లినక్స్‌లోనే ఉండే వర్చువల్ మెషీన్ ఏర్పాటు) అని ఉంటే దాని కింద ఉన్నారు. ఆ వరుసే లేకపోతే మీ లినక్స్ నేరుగా ఎల్‌పార్‌లో, అంటే మెయిన్‌ఫ్రేమ్‌ను పంచి ఇచ్చిన ఒక భాగంలో, నడుస్తోంది.

కేవీఎం అయితే ఇక్కడే దారి మారుతుంది. కేవీఎం అతిథికి ఇచ్చేది మామూలుగా వర్ట్‌ఐఓ అనే వర్చువల్ కార్డు. ఓఎస్‌ఏ కార్డును నడిపే క్యూఎత్ డ్రైవర్ కనిపించడం లేదని వెతుకుతూ కూర్చుంటే ఎప్పటికీ కనిపించదు. అక్కడ సమస్య ఉంటే అది హోస్ట్ వైపు బ్రిడ్జ్‌లోనో మ్యాక్‌వీట్యాప్‌లోనో ఉంటుంది. అలాగే కొందరికి ఓఎస్‌ఏ బదులు రోసీ కార్డు ఇస్తారు. అది పీసీఐ కార్డు, ఎల్ఎస్‌పీసీఐ కొడితే కనిపిస్తుంది, దానికి నడిచేది మెలనాక్స్ డ్రైవర్. ఇక నుంచి చెప్పేదంతా ఓఎస్‌ఏ, హైపర్‌సాకెట్స్ (ఒకే మెయిన్‌ఫ్రేమ్‌లోని ఎల్‌పార్‌ల మధ్య నడిచే లోపలి నెట్‌వర్క్), జెడ్‌వీఎం వర్చువల్ కార్డు గురించి.

రెండో మెట్టు: కెర్నెల్ కంటికి కార్డు కనబడుతోందా?

ఎల్ఎస్‌సీఎస్ఎస్

ఎల్, ఎస్, సీ, ఎస్, ఎస్. వచ్చే పట్టికలో మీ మూడు నంబర్లు వెతకండి. ఓఎస్‌ఏ అయితే పక్కన 1732/01, 1731/01 అని ఉంటుంది. హైపర్‌సాకెట్స్ అయితే 1732/05, 1731/05. మూడూ ఉన్నాయంటే ఈ మెట్టు దాటారు.

లేకపోతే అన్నిటికన్నా ముందు అనుమానించవలసింది సీఐఓ ఇగ్నోర్ జాబితాను. పెద్ద మెయిన్‌ఫ్రేమ్‌లో వేల డివైసులు ఉంటాయి. అన్నిటినీ తడుముతూ పోతే బూట్ ఆలస్యమవుతుంది, పక్కవాళ్ళ డిస్కులు కూడా కనబడతాయి. అందుకే రెడ్‌హ్యాట్ ఇన్‌స్టాలర్ బూట్ లైన్‌లోనే కన్సోల్ తప్ప మిగతావన్నీ పట్టించుకోవద్దని పెడుతుంది. సూసేలో కూడా ఈ సౌకర్యం ఉంది. ఇది తప్పు కాదు, మంచి ఏర్పాటు. కానీ దీని గురించి తెలియనివాళ్ళకు కార్డే లేదనిపిస్తుంది.

సీఐఓ_ఇగ్నోర్ -ఎల్

ఇది పక్కన పెట్టిన వాటి జాబితా చూపిస్తుంది. అందులో మీ నంబర్లు ఉంటే బయటికి తీయండి.

సీఐఓ_ఇగ్నోర్ -ఆర్ 0.0.0600-0.0.0602

మళ్ళీ ఎల్ఎస్‌సీఎస్ఎస్ కొట్టి చూడండి. ఇప్పటికీ రాకపోతే చానెల్ వైపు వెళ్ళాలి.

ఎల్ఎస్‌సీహెచ్‌పీ

ఇందులో మీ కాగితంలోని చానెల్ నంబర్ వెతకండి. ఓఎస్‌డీ రకం (క్యూడీఐఓలో నడిచే ఓఎస్‌ఏ) అయితే రకం గడిలో 11 అని, హైపర్‌సాకెట్స్ అయితే 24 అని ఉంటుంది. సీఎఫ్‌జీ గడిలో 1 ఉంటే చానెల్ మీకు కాన్ఫిగర్ అయి ఉంది, 0 ఉంటే స్టాండ్‌బైలో ఉంది. వేరీ గడిలో 0 ఉంటే లినక్స్ వైపే ఆపేసి ఉంది. వేరీ సంగతి మీరే సరిచేయవచ్చు.

సీహెచ్‌సీహెచ్‌పీ -వీ 1 0.చానెల్‌నంబర్

స్టాండ్‌బైలో ఉన్న చానెల్‌ను ఇదే ఆదేశానికి మైనస్ సీ 1 ఇచ్చి తేవచ్చు, కానీ ఎవరో కావాలనే పక్కన పెట్టి ఉండవచ్చు కాబట్టి సిస్టమ్ ప్రోగ్రామర్‌ను అడిగి చేయండి. అసలు పట్టికలోనే మీ చానెల్ లేకపోతే ఐఓసీడీఎస్‌లో (ఏ చానెల్ ఏ ఎల్‌పార్‌కో రాసి ఉండే మెయిన్‌ఫ్రేమ్ పట్టికలో) మీ ఎల్‌పార్‌కు దాన్ని ఇవ్వలేదని అర్థం. లినక్స్ లోపల మీరు చేయగలిగింది అక్కడితో అయిపోయింది. కాలువ మీద లస్కర్‌ను పిలిచినట్టు సిస్టమ్ ప్రోగ్రామర్‌నే పిలవాలి.

మూడో మెట్టు: మూడింటినీ ఒక గుంపుగా కట్టడం

కార్డు కనబడింది కానీ ఇంటర్‌ఫేస్ లేదు. అంటే గ్రూపు కట్టలేదు, లేదా కట్టినా ఆన్‌లైన్ చేయలేదు.

జెడ్‌నెట్‌కాన్ఫ్ -యూ
జెడ్‌నెట్‌కాన్ఫ్ -సీ

మొదటిది ఇంకా కట్టనివి, కట్టడానికి వీలున్నవి చూపిస్తుంది. రెండోది ఇప్పటికే కట్టినవి. మీ నంబర్లు మొదటి జాబితాలో ఉంటే మంచిదే. రెండింటిలోనూ లేకపోతే మూడింటిలో ఏదో ఒకటి ఇగ్నోర్ జాబితాలో మిగిలిపోయింది, లేదా ఇంకో గ్రూపు దాన్ని ఇప్పటికే పట్టుకుంది.

కట్టడానికి రెండు పద్ధతులున్నాయి. జెడ్‌నెట్‌కాన్ఫ్‌తోనే మైనస్ ఏ ఇచ్చి కట్టవచ్చు. కానీ అది ఆ పూటకే, రీబూట్ చేస్తే పోతుంది. ఇది తెలియక ఎంతమంది రాత్రుళ్ళు పాడు చేసుకున్నారో. నేను సీహెచ్‌జెడ్‌డెవ్ వాడమంటాను. అది ఇప్పుడూ చేస్తుంది, రేపటికీ రాసి పెడుతుంది.

సీహెచ్‌జెడ్‌డెవ్ క్యూఎత్ 0.0.0600:0.0.0601:0.0.0602 లేయర్2=1 -ఈ

డ్రైవర్ పేరు క్యూఎత్ అని పలుకుతున్నాను, రాసేటప్పుడు క్యూ, ఈ, టీ, హెచ్. చివరి మైనస్ ఈ అంటే ఆన్ చేయమని.

నాలుగో మెట్టు: ఎల్ఎస్ క్యూఎత్ ఏం చెబుతోంది?

ఈ ఒక్క మెట్టు బాగా అర్థం చేసుకుంటే మిగతా పని సగానికి తగ్గుతుంది. ఎల్, ఎస్ కొట్టి ఖాళీ లేకుండా క్యూఎత్ అని కొట్టండి. వచ్చే వరుసల్లో స్టేట్ అనే దాన్ని చూడండి.

డౌన్ అని ఉంటే డివైస్ ఆన్‌లైన్‌లో లేదు. మూడో మెట్టుకు వెనక్కి వెళ్ళండి.

సాఫ్ట్‌సెటప్ అని ఉంటే డ్రైవర్ తన పని చేసింది, ఇంటర్‌ఫేస్‌ను మీరే ఇంకా లేపలేదు. ఐపీ లింక్ సెట్ అని, ఇంటర్‌ఫేస్ పేరు, అప్ అని కొట్టండి.

అప్ అని ఉండి బ్రాకెట్లో ల్యాన్ ఆఫ్‌లైన్ అని ఉంటే లినక్స్ వైపు అంతా సిద్ధమే, అవతల తీగ లేదు. నిజమైన తీగ కావచ్చు, జెడ్‌వీఎం లోపలి ఊహా తీగ కావచ్చు.

అప్, ల్యాన్ ఆన్‌లైన్ అని ఉంటే డ్రైవర్ గొడవ తీరిపోయింది. ఇక డ్రైవర్‌ను ముట్టుకోకండి. మిగిలింది లేయర్, వీల్యాన్, ఐపీ, గేట్‌వేల సంగతి.

ఎల్‌పార్‌లో ల్యాన్ ఆఫ్‌లైన్ వస్తే ముందు పోర్టు నంబర్ చూడండి. కొన్ని ఓఎస్‌ఏ కార్డుల్లో ఒకే చానెల్ కింద రెండు పోర్టులు ఉంటాయి, 0, 1. డేటా సెంటర్‌లో కేబుల్ 1 లో పెట్టి, మీరు ఏమీ చెప్పకపోతే డ్రైవర్ 0 దగ్గర ఎదురుచూస్తుంది. పోర్ట్‌నో అనే విలువను 1 చేయాలి. ఇది, లేయర్ విలువ కూడా, డివైస్ ఆఫ్‌లైన్‌లో ఉన్నప్పుడే మారతాయి. ఆన్‌లైన్‌లో ఉండగా నేరుగా సిస్ ఫైల్లో రాయబోతే అనుమతి లేదంటుంది. రూట్‌గానే ఉన్నాను కదా అని ఆశ్చర్యపోకండి, ముందు ఆఫ్‌లైన్ చేయండి.

ఐదో మెట్టు: జెడ్‌వీఎం కింద ఉన్నవాళ్ళకు

ఒంగోలు తమ్ముడి సమస్య ఇక్కడే తేలింది. అతని తెర మీద గ్రూపు ఉంది, డివైస్ ఆన్‌లైన్, ఐపీ ఉంది, స్టేట్ మాత్రం ల్యాన్ ఆఫ్‌లైన్. అతను రెండుసార్లూ ఐపీ తప్పేమోనని ఇన్‌స్టాలేషన్‌లో మార్చి మార్చి పెట్టాడు.

లినక్స్ లోపలి నుంచే జెడ్‌వీఎంను అడగడానికి వీఎంసీపీ అనే ఆదేశం ఉంది. పనిచేయకపోతే మోడ్‌ప్రోబ్ వీఎంసీపీ కొట్టండి.

వీఎంసీపీ క్వెరీ వర్చువల్ ఎన్‌ఐసీ

"ల్యాన్ అని ఉన్న చోట ఏముంది?" అని అడిగాను. "పేరేం కనపడలా అన్నా, నన్ అని ఉంది" అన్నాడు. అంతే. వర్చువల్ కార్డు ఉంది, కానీ అది ఏ స్విచ్‌కూ తగిలించి లేదు. వర్చువల్ స్విచ్‌కు తగలాలంటే ఆ యూజర్‌కు స్విచ్ మీద గ్రాంట్ ఉండాలి. అది ఇవ్వకపోతే లాగాన్ అయ్యేటప్పుడు కపుల్ కావడం విఫలమవుతుంది. ఆ సందేశం తెర మీద ఒక్కసారి వచ్చి, బూట్ సందేశాల్లో కలిసిపోతుంది.

గ్రాంట్ ఇవ్వడం క్లాస్ బీ అధికారం ఉన్నవాళ్ళ పని. వాళ్ళు సెట్ వీస్విచ్, స్విచ్ పేరు, గ్రాంట్, మీ యూజర్ పేరు అని కొట్టాలి. ఆ తర్వాత మీరు మామూలు క్లాస్ జీ అధికారంతోనే తగిలించుకోవచ్చు.

వీఎంసీపీ కపుల్ 0600 టు సిస్టమ్ స్విచ్‌పేరు

తమ్ముడి మెషీన్ అవతలివాళ్ళు గ్రాంట్ ఇచ్చిన నిమిషంలో పింగ్‌కు జవాబిచ్చింది. అయితే పని అక్కడితో అయిపోదు. సెట్ వీస్విచ్‌తో ఇచ్చిన గ్రాంట్ జెడ్‌వీఎం మళ్ళీ ఐపీఎల్ (బూట్) అయితే పోతుంది. అది నిలవాలంటే సిస్టమ్ కాన్ఫిగ్ ఫైల్లో మోడిఫై వీస్విచ్ వరుసగా రాయమని అడగండి. అలాగే మీ కార్డు యూజర్ డైరెక్టరీలో ఎన్‌ఐసీడెఫ్ వరుసగా ఉందో లేదో చూపించమనండి. ఎవరో చేత్తో డిఫైన్ చేసి ఇచ్చిన కార్డు లాగాఫ్ అయితే మాయమవుతుంది. మొహమాటపడకుండా ఈ రెండూ అడగండి.

ఆరో మెట్టు: లేయర్ 2, లేయర్ 3

లేయర్ 2 అంటే మామూలు ఈథర్నెట్ లాగా మ్యాక్ అడ్రస్‌తో నడిచేది. లేయర్ 3 లో ఓఎస్‌ఏ కార్డే ఏఆర్‌పీ (ఐపీని బట్టి మ్యాక్ అడ్రస్ కనుక్కునే) పనులు చూసుకుంటుంది, లినక్స్ ఐపీ ప్యాకెట్లు మాత్రమే ఇస్తుంది. వర్చువల్ స్విచ్ ఈథర్నెట్ రకంగా తయారైతే మీది లేయర్2=1 కావాలి, ఐపీ రకంగా తయారైతే లేయర్2=0. ఇక్కడ మీ ఇష్టం ఉండదు, స్విచ్ ఎలా ఉంటే మీరూ అలాగే.

హైపర్‌సాకెట్స్‌లో ఇది ఇంకా జాగ్రత్తగా చూడాలి. అవతలి ఎల్‌పార్ లేయర్ 3 లో, మీరు లేయర్ 2 లో ఉంటే రెండువైపులా అంతా బాగానే కనిపిస్తుంది, ఎక్కడా ఎర్రర్ రాదు, పింగ్ మాత్రం పోదు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే ఇద్దరూ ఒకే లేయర్‌లో ఉండాలి.

డీహెచ్‌సీపీ పనిచేయకపోయినా, బ్రిడ్జ్ కట్టలేకపోయినా, టీసీపీడంప్‌లో మ్యాక్ అడ్రసులు విచిత్రంగా కనిపించినా లేయర్ 3 లో ఉన్నారేమో చూడండి. నా అభిప్రాయం అడిగితే, కొత్తగా పెట్టేవాళ్ళు ప్రత్యేక కారణం లేకపోతే లేయర్ 2 పెట్టమని అడగాలి. మామూలు లినక్స్‌లో నేర్చుకున్నదంతా అక్కడ పనికొస్తుంది.

ఐపీ, వీల్యాన్, ఎంటీయూ

ఇది అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా చెబుతాను. ఐపీ అడ్రస్ అని, ఐపీ రూట్ అని కొట్టి కాగితంతో పోల్చండి. ముందు గేట్‌వేకి పింగ్ చేయండి, తర్వాతే బయటికి. స్విచ్ ట్రంక్ పోర్టు ఇచ్చి ఉంటే లినక్స్‌లో వీల్యాన్ ఇంటర్‌ఫేస్ కావాలి, యాక్సెస్ పోర్టు అయితే అక్కర్లేదు. చిన్న పింగ్ పోతూ, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ దగ్గరే ఆగిపోతుంటే ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్‌కు ఉన్న గరిష్ఠ సైజు) చూడండి. పింగ్‌కు మైనస్ ఎస్ 1472 ఇచ్చి, ముక్కలు చేయవద్దని మైనస్ పెద్ద ఎం, డూ అని ఇవ్వండి. అది పోకపోతే దారిలో 1500 పట్టడం లేదు.

రీబూట్ చేశాక కూడా నిలవాలంటే

పింగ్ వచ్చిందని ఫోన్ పెట్టేయకండి.

ఎల్ఎస్‌జెడ్‌డెవ్ క్యూఎత్

ఇందులో ఆన్, పెర్స్ అని రెండు గడులు ఉంటాయి. ఆన్ కింద యెస్ ఉండి పెర్స్ కింద నో ఉంటే ఇప్పుడు నడుస్తోంది, రీబూట్ తర్వాత ఉండదు. సీహెచ్‌జెడ్‌డెవ్ మళ్ళీ నడిపితే పెర్స్ కింద కూడా యెస్ వస్తుంది. అది యూదేవ్ నియమాల డైరెక్టరీలో మీ డివైస్ నంబర్ పేరుతో ఒక ఫైలు రాస్తుంది. ఇనిట్ర్యామ్‌డిస్క్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైళ్ళ మూట) మళ్ళీ కట్టాలని అది చెబితే కట్టండి. ఇగ్నోర్ జాబితా కోసం బూట్ లైన్ మార్చినా, ఇనిట్ర్యామ్‌డిస్క్ కట్టినా తర్వాత జిప్ల్ నడపడం మరవకండి. జెడ్, ఐ, పీ, ఎల్. అది నడపకపోతే మెషీన్ పాత బూట్ సమాచారంతోనే లేస్తుంది.

ఇంకొక చిక్కు ఇంటర్‌ఫేస్ పేరుతో వస్తుంది. రెడ్‌హ్యాట్ 7 లో ఈఎన్‌సీసీడబ్ల్యూ పక్కన 0.0.0600 అని వచ్చే పేరు, 8 నుంచి ఈఎన్‌సీ600 అని చిన్నదైంది. పాత మెషీన్ నుంచి ఫైలు తెచ్చి పెట్టుకున్నవాళ్ళకు కార్డు లేస్తుంది, ఐపీ మాత్రం అంటుకోదు. ఉబుంటులో నెట్‌ప్లాన్ ఫైల్లో కూడా ఇదే పేరు సరిపోవాలి. ఐపీ లింక్ కొట్టి, తెర మీద ఏ పేరుందో అదే ఫైల్లో ఉందో లేదో అక్షరం అక్షరం చూడండి.

ఇవన్నీ చూసినా తేలకపోతే సహాయం అడిగే ముందు డీబీజీఇన్ఫో డాట్ ఎస్‌హెచ్ అనే స్క్రిప్ట్ నడపండి. ఎస్390 టూల్స్‌తో పాటే వస్తుంది, కావలసినవన్నీ ఒక మూటగా కట్టి ఇస్తుంది. దానితో పాటు డీమెస్గ్‌లో క్యూఎత్ అని ఉన్న వరుసలు, ఎల్ఎస్ క్యూఎత్ ఇచ్చిన జవాబు, మీ కాగితం ఫోటో పంపండి. అవి చేతిలో ఉంటే అవతలివాళ్ళు మిమ్మల్ని తిరిగి ప్రశ్నలు అడగనక్కర్లేదు, నేరుగా పనిలోకి దిగుతారు.

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో చదువుకుంటూ దీని మీద ఆసక్తి ఉన్న పిల్లలకు ఒక మాట. ఇంట్లో మెయిన్‌ఫ్రేమ్ లేకపోయినా హెర్క్యులిస్ అనే ఉచిత ఎమ్యులేటర్ మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. అందులో లినక్స్ ఎక్కించి, సబ్‌చానెళ్ళను గ్రూపు కట్టడం, ఇగ్నోర్ జాబితాలో పెట్టి మళ్ళీ తీయడం చేసి చూడండి. ఒకసారి కావాలనే తప్పుగా కట్టి, ఏ సందేశం వస్తుందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒంగోలు తమ్ముడు ఇప్పుడు అలాంటి నోట్‌బుక్ ఒకటి పెట్టుకున్నాడు, మొదటి పేజీలో క్వెరీ వర్చువల్ ఎన్‌ఐసీ ఉంది.